హనోయ్ నుంచి సైగాన్ దాకా ఊరికో రుచి

వియత్నాం సన్నగా, పొడుగ్గా సాగిన దేశం. ఉత్తరపు కొస నుంచి దక్షిణపు కొసకు దాదాపు 1,650 కిలోమీటర్లు. నడుమన క్వాంగ్ బిన్ ప్రాంతంలో మాత్రం కొండలకూ సముద్రానికీ మధ్య నేల వెడల్పు సుమారు 50 కిలోమీటర్లే. పైన ఎర్ర నది డెల్టా, కింద మెకాంగ్ డెల్టా, రెండూ వరి పండే నేలలు. మధ్యలో ఇసుక, ఉప్పుగాలి, తరచూ విరుచుకుపడే తుపాన్లు. దేశమంతటా తినేది బియ్యమే, కూరకు ఉప్పదనం ఇచ్చేది చేపల రసమే. అయినా హనోయ్‌ భోజనానికీ పాత సైగాన్, అంటే ఇప్పటి హో చి మిన్ నగరపు భోజనానికీ పోలిక వెతుక్కోవాల్సిందే. వాతావరణం కొంత, రాజ్యాలు కొంత, యుద్ధం మరికొంత కలిసి తెచ్చిన తేడా అది.

2025లో హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలు మొదలయ్యాక తెలుగువాళ్లకు అక్కడికి వెళ్లడం సులువైంది. ప్యాకేజీ టూర్లలో సాధారణంగా హా లాంగ్ అఖాతం, డా నాంగ్ దగ్గర రాతిచేతులు ఎత్తి పట్టుకున్నట్టుండే బంగారు వంతెన, సైగాన్ శివారులోని కూ చీ సొరంగాలు చూపిస్తారు. రాత్రికి భారతీయ హోటల్లో పప్పు, పన్నీరు కూర, రోటీలు పెడతారు. ఇంటి తిండి దొరికితే ప్రాణం కుదుటపడుతుందన్నది నిజమే. కాని వియత్నాంలో కోటల కంటే, గుడుల కంటే ఊరి చరిత్రను ఎక్కువగా దాచుకున్నది వంటిల్లే. దాన్ని వదిలేస్తే చూసింది సగమే.

రాజధాని హనోయ్ వెయ్యేళ్లు దాటిన ఊరు. 1010లో లీ థాయ్ తో అనే రాజు థాంగ్ లాంగ్ పేరుతో దీన్ని రాజధాని చేసుకున్నాడు. హోవాన్ కియెం చెరువుకు ఉత్తరాన ఉన్న పాతబస్తీలో ఒకప్పుడు వీధికో వృత్తి ఉండేది. వెండిపనివాళ్లది ఒకటి, పట్టు అమ్మేవాళ్లది ఒకటి, కాగితం వర్తకులది మరొకటి. ఇళ్ల ముందుభాగం ఇరుకు, లోపలికి మాత్రం చాలా లోతు. ఆ ఇరుకు వల్లే కావచ్చు, తిండి వ్యాపారమంతా కాలిబాట మీదికొచ్చింది. జానెడు ఎత్తు ప్లాస్టిక్ స్టూలు మీద మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుని తినాలి. ఆ దుకాణాల్లో మెనూ పుస్తకం ఉండదు. ఒక్కో దుకాణం ఒక్కటే వండుతుంది, తరచుగా రెండు మూడు తరాలుగా అదే వండుతుంది. ఎక్కడ ఏది తినాలో స్థానికులకు తెలుసు. కొత్తవాళ్లు జనం గుమిగూడిన చోట కూర్చుంటే చాలు.

హనోయ్ అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది ఫో. గొడ్డు ఎముకలను గంటల తరబడి సన్నని సెగమీద మరిగిస్తారు. అందులో నిప్పుల మీద కాల్చిన అల్లం, ఉల్లిపాయ, అనాసపువ్వు, దాల్చినచెక్క, నల్ల యాలకులు వేస్తారు. తేటగా దిగిన ఆ రసాన్ని బియ్యప్పిండితో చేసిన వెడల్పాటి నూడుల్స్ మీద, పల్చగా కోసిన మాంసం మీద పోసి, ఉల్లికాడలు చల్లి ఇస్తారు. పక్కన వెల్లుల్లి నానిన వెనిగర్, పచ్చిమిరప ముక్కలు, ముంచుకు తినడానికి నూనెలో వేయించిన పిండికడ్డీలు ఉంటాయి. అంతకు మించి హంగులేమీ ఉండవు. రసం రుచి రసానిదే అయి ఉండాలని ఉత్తరాదివాళ్ల పట్టుదల. ఇది అక్కడ పొద్దుటి ఫలహారం. పేరున్న దుకాణాల్లో గిన్నె అడుగంటితే ఆ రోజుకు అంతే.

ఇంత ప్రసిద్ధమైన ఫో ప్రాచీన వంటకమేమీ కాదు. దాని వయసు సుమారు వందేళ్లు, కాస్త ఎక్కువ. పూర్వం ఎడ్లు, దున్నలు నాగలికే తప్ప వంటకు కావు. ఫ్రెంచి పాలకులు వచ్చాక గొడ్డుమాంసం అమ్మకం పెరిగి, ఎముకలు చవకగా మిగిలాయి. వాటిని వాడుకున్న వీధి వర్తకుల చేతుల్లో 20వ శతాబ్దం తొలినాళ్లలో ఫో పుట్టింది. హనోయ్‌కి ఆగ్నేయంగా ఉన్న నామ్ దిన్‌ వాళ్లు అది తమదంటారు, హనోయ్‌వాళ్లు తమదంటారు. కోడిమాంసపు ఫో 1930ల చివర్లో వచ్చింది. యుద్ధకాలంలో, ఆ తర్వాతి రేషన్ రోజుల్లో ప్రభుత్వ దుకాణాలే ఫో వండేవి. మాంసం దొరక్క, అజినమోటో రుచితో ఉన్న వేడినీళ్లలో నూడుల్స్ వేసి ఇచ్చేవారు. అప్పట్లో ఆకాశంలో తిరిగే అమెరికా మానవరహిత నిఘా విమానాలను గుర్తుచేస్తూ జనం దానికి ‘పైలట్ లేని ఫో’ అని పేరు పెట్టారు. 1986లో దోయ్ మోయ్ ఆర్థిక సంస్కరణలు మొదలై ప్రైవేటు వ్యాపారం మళ్లీ చట్టబద్ధమయ్యాకే వీధి వంట తిరిగి ఊపిరి పోసుకుంది. ఇవాళ పర్యాటకుడు చూసే కాలిబాట సందడి అలా తిరిగొచ్చిందే.

మధ్యాహ్నం ఊరంతా బొగ్గుల పొగ కమ్మితే అది బున్ చా వేళ. నిప్పుల మీద కాల్చిన పందిమాంసం ముద్దలు, ముక్కలు గోరువెచ్చని పుల్లటి తియ్యటి చేపరసంలో తేలుతుంటాయి. సన్నని నూడుల్స్, బుట్టెడు పచ్చి ఆకులు విడిగా ఇస్తారు. 2016లో అమెరికా అధ్యక్షుడు ఒబామా, పాకశాస్త్ర రచయిత ఆంథొనీ బోర్డేన్ ఒక మామూలు దుకాణంలో ప్లాస్టిక్ స్టూళ్లమీద కూర్చుని దీన్ని తిన్నారు. దుకాణంవాళ్లు ఆ బల్లకు అద్దాల గది కట్టి దాచారు. ఒబామా బల్ల చూడ్డానికి వెళ్లడం కంటే, పక్క సందులో పొగ వచ్చే చోట తినడం మేలు. చా కా అనే చేపల వంటకం పేరుతో హనోయ్‌లో ఒక వీధే ఉంది. పసుపు, దుంపరాష్ట్రం పట్టించిన చేపముక్కలను బల్ల మీదే పెనంలో, గుప్పెళ్ల కొద్దీ సోయకూర, ఉల్లికాడలతో వేయిస్తారు. మసాలా అలవాటున్న నాలుకకు హనోయ్‌లో ముందుగా నచ్చేది ఇదే కావచ్చు.

కోడిగుడ్డు కాఫీ కూడా ఈ ఊరిదే. 1946లో పాల కరువు వచ్చినప్పుడు మెట్రోపోల్ హోటల్లో పనిచేసే నుయెన్ వాన్ జాంగ్ పాలకు బదులు గుడ్డు పచ్చసొనను చక్కెరతో నురగ వచ్చేలా గిలకొట్టి, చిక్కటి కాఫీ మీద వేశాడు. ఆయన పెట్టిన కాఫీ దుకాణం ఇప్పటికీ నడుస్తోంది. వినడానికి వింతగా ఉన్నా తాగితే నీచువాసన ఉండదు.

దక్షిణానికి దిగితే హుయే. 1802 నుంచి 1945 వరకు నుయెన్ వంశపు రాజులు దేశాన్ని ఏలిన రాజధాని. పరిమళ నది ఒడ్డున కోట, కోటలోపల రాచనగరం, ఊరి బయట కొండల్లో రాజుల సమాధులు ఉన్నాయి. వియత్నాం యుద్ధంలో, 1968 టెట్ పండుగ నాటి దాడిలో ఇక్కడ వారాల తరబడి వీధి పోరు జరిగి రాచభవనాల్లో ఎక్కువ భాగం నేలమట్టమైంది. 1993లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాక పునర్నిర్మాణం ఊపందుకుంది. కొత్తగా రంగులేసిన మండపాల పక్కనే గడ్డి మొలిచిన పునాదులు కనిపించడం అందుకే.

రాజు భోజనానికి పళ్లేలు చాలా ఉండాలి, ఒక్కోదాంట్లో ఉండేది కొంచెం. ఆ మర్యాద కోట దాటి ఊళ్లోకొచ్చింది. చిన్నచిన్న చిప్పల్లో ఆవిరిమీద ఉడికించి, ఎండు రొయ్యల పొడి చల్లిన బాన్ బేవో, అరటాకులో చుట్టిన బాన్ నామ్, కర్రపెండలం పిండిలో రొయ్య పెట్టిన బాన్ బోట్ లోక్ ఇప్పుడు కాలిబాట మీదే దొరుకుతాయి. పదేసి చిప్పలు ఖాళీ చేసినా కడుపు నిండదు, చూపు నిండుతుంది. హుయేలో అసలైన ఆకలి తిండి మాత్రం బున్ బో హుయే. నిమ్మగడ్డి, పులియబెట్టిన రొయ్యల ముద్ద, ఎర్రటి మిరపనూనె పడిన ఈ ఘాటైన రసం ముందు హనోయ్ ఫో పథ్యంలా అనిపిస్తుంది. మధ్య వియత్నాం వాళ్లే దేశంలో కారం బాగా తింటారు. తెలుగువాళ్లు మిరపకాయ కోసం వెతుక్కోనక్కర్లేని ఊరిది.

ఇదే హుయేలో రాచరికానికి పూర్తిగా అవతలి గట్టున ఉన్నది కొమ్ హెన్. చల్లారిన అన్నంలో నదిలో దొరికే బుల్లి గుల్లల మాంసం, తరిగిన అరటిపువ్వు, వేరుశనగలు, రొయ్యల ముద్ద, మిరపకాయలు కలిపి తింటారు. నిన్నటి అన్నం పారేయలేని ఇళ్లలో పుట్టిన వంట. రాజుల పేరు చెప్పి అమ్మే విందుల కంటే ఇదే రుచిలో గట్టిది, ధరలో చాలా తక్కువ.

బౌద్ధ మఠాలు ఎక్కువగా ఉన్న ఊరు కాబట్టి హుయే శాకాహారానికీ పేరుపొందింది. 1601లో మొదలైన థియెన్ మూ గుడి నది మలుపులో ఏడంతస్తుల గోపురంతో నిలబడి ఉంది. మఠాల చుట్టుపక్కల పుట్టగొడుగులు, టోఫు, పనసకాయలతో వండే భోజనశాలలు కనిపిస్తాయి.

హుయేకీ డా నాంగ్‌కీ మధ్య కొండలు సముద్రంలోకి దూకినట్టుండే చోటు హాయ్ వాన్ కనుమ. ఎత్తు 496 మీటర్లే అయినా ఉత్తరపు చలిగాలులను అడ్డుకునేది ఇదే. ఒకప్పుడు ఉత్తరాది వియెత్ రాజ్యానికీ దక్షిణాది చంపా రాజ్యానికీ మధ్య సరిహద్దు కూడా. 2005లో కొండ కింద సొరంగం తెరిచాక లారీలు, బస్సులు అటు మళ్లాయి. పాత ఘాట్ రోడ్డు పర్యాటకుల మోటార్‌సైకిళ్లకు మిగిలింది. రైలు మాత్రం ఇప్పటికీ సముద్రపు అంచునే వెళ్తుంది. హనోయ్ నుంచి సైగాన్ దాకా 1,726 కిలోమీటర్ల ఈ లైను 1936లో పూర్తయింది. మొత్తం ప్రయాణానికి 30 గంటలు దాటుతుంది. అంత ఓపిక లేనివాళ్లు హుయే, డా నాంగ్ మధ్య ముక్క ఒక్కటి ఎక్కినా చాలు.

కనుమ దాటగానే చంపా నేల. 4వ శతాబ్దం నుంచి దాదాపు వెయ్యేళ్లు చామ్ రాజులు ఇటుకలతో శివాలయాలు కట్టిన చోటు మీ సన్. భద్రవర్మ అనే రాజు తన పేరు కలిపి ఇక్కడ భద్రేశ్వరుణ్ని ప్రతిష్ఠించాడు. 1969లో అమెరికా బాంబులకు ప్రధాన ఆలయం కూలిపోయింది. భారత పురావస్తు శాఖ ఇక్కడ మరమ్మతులు చేస్తూ 2020లో 9వ శతాబ్దపు ఇసుకరాతి శివలింగాన్ని వెలికి తీసింది. ఇదే ప్రాంతంలోని డోంగ్ జువోంగ్‌లో 1911లో దొరికిన కంచు బుద్ధ విగ్రహంలో అమరావతి శైలి పోలికలు చూసిన పండితులున్నారు, సింహళ పోలికలన్నవాళ్లూ ఉన్నారు. అది ఇప్పుడు సైగాన్ చరిత్ర మ్యూజియంలో ఉంది. తెలుగు పర్యాటకులు తప్పక చూడాల్సిన బొమ్మ అది. టూర్ల జాబితాలో మాత్రం అరుదుగా కనిపిస్తుంది.

మీ సన్‌కు దగ్గర్లోనే హోయ్ ఆన్. 16, 17 శతాబ్దాల్లో జపాన్, చైనా, ఐరోపా ఓడలు ఆగిన రేవు. నది పూడిపోయి పెద్ద ఓడలు డా నాంగ్‌కు మళ్లడంతో ఊరు నిద్రపోయింది. ఆ నిద్రే దాన్ని కాపాడింది. పసుపు రంగు గోడలు, చైనా వర్తక సంఘాల మందిరాలు, జపాన్‌వాళ్లు కట్టిన కప్పు వంతెన చెక్కుచెదరకుండా ఉండి, 1999లో యునెస్కో గుర్తింపు తెచ్చాయి. సాయంత్రం లాంతర్ల వెలుగులో జనం తోసుకుంటారు, తెల్లవారుజామున ఊరు ఊరిలా ఉంటుంది. ఇక్కడి కావ్ లౌ మరెక్కడా కుదరదని ఊరివాళ్ల నమ్మకం. బియ్యాన్ని బూడిదనీళ్లలో నానబెట్టి చేసే మందపాటి, సాగే నూడుల్స్ అవి. ఆ బూడిద దగ్గరి చామ్ దీవి చెట్లదే కావాలి, నీళ్లు బా లే బావివే కావాలి అంటారు. రసం రెండు గరిటెలే పోస్తారు. పైన చైనా పద్ధతిలో వండిన పందిమాంసం, పక్క ఊరు త్రా క్వే తోటల ఆకులు వేస్తారు. డా నాంగ్, క్వాంగ్ నామ్ ప్రాంతపు మీ క్వాంగ్‌లోనూ రసం తక్కువే. పసుపు వేసిన నూడుల్స్, వేరుశనగలు, విరిచి కలుపుకునే బియ్యపు అప్పడం దాని గుర్తులు.

ఇక హో చి మిన్ నగరం. 1976లో పేరు మార్చినా ఊరివాళ్ల నోట్లో అది ఇప్పటికీ సైగానే. హనోయ్‌తో పోలిస్తే వయసులో చిన్నది, పరిమాణంలో పెద్దది, ఎప్పుడూ తొందరలో ఉండేది. మూడు వందల ఏళ్లకు కాస్త పైబడిన ఈ ఊరు వలసవాళ్లది. చైనీయులు చోలన్ పేటలో స్థిరపడ్డారు, ఫ్రెంచివాళ్లు 1859లో వచ్చి పోస్టాఫీసు, చర్చి కట్టారు, తమిళ వర్తకులు బెన్ థాన్ మార్కెట్ దగ్గర మారియమ్మన్ గుడి కట్టారు. ఆ గుడిలో ఇవాళ అగరొత్తులు వెలిగించేవాళ్లలో ఎక్కువమంది వియత్నాం, చైనా మూలాలవాళ్లే.

1954లో జెనీవా ఒప్పందంతో దేశం రెండైనప్పుడు దాదాపు పది లక్షల మంది ఉత్తరం నుంచి దక్షిణానికి వచ్చారు. ఫో ఇక్కడ వ్యాపించింది వాళ్లతోనే. మెకాంగ్ డెల్టాలో కొబ్బరి, చెరకు, ఆకుకూరలకు కొదవ లేదు. ఫో గిన్నె పక్కన తులసి జాతి ఆకులు, మొలకలు, నిమ్మబద్దలు, తీపి సాసు గుట్టగా చేరాయి, రసంలో తీపి పెరిగింది. హనోయ్‌వాళ్లు దాన్ని చూసి ముఖం చిట్లిస్తారు. 1975 తర్వాత శరణార్థులు ఎక్కువగా దక్షిణం నుంచే అమెరికాకు, ఆస్ట్రేలియాకు వెళ్లడంతో ప్రపంచానికి ముందుగా పరిచయమైంది సైగాన్ ఫోనే. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఫో తిన్న తెలుగువాళ్లకు హనోయ్ గిన్నె చప్పగా అనిపిస్తే కారణం అదే.

ఫ్రెంచి రొట్టెను సైగాన్ తన చేతుల్లోకి తీసుకుని చేసింది బాన్ మీ. పలచని పెళుసు పైపొర ఉన్న రొట్టెను చీల్చి అందులో కాలేయపు ముద్ద, మాంసం, కీరా, ఊరేసిన క్యారట్, ముల్లంగి, కొత్తిమీర, పచ్చిమిరప కుక్కుతారు. చేత్తో పట్టుకుని నడుస్తూ తినే ఈ రూపం 1950ల నాటిది. కొమ్ తామ్ అంతకంటే ఆసక్తికరం. అది నూకల అన్నం. మిల్లులో మిగిలే నూకలు అమ్ముడుపోక డెల్టా రైతులు తామే వండుకునేవారు. ఊరికి చేరాక దానికి నిప్పుల మీద కాల్చిన పందిమాంసం, వేయించిన గుడ్డు, తియ్యటి చేపరసం జతయ్యాయి. ఇప్పుడు నూకలకు గిరాకీ ఏ మాత్రం తక్కువ కాదు. తెలుగు కంటికి దోసెలా కనిపించే బాన్ సేవో ఒకటుంది. పసుపు, కొబ్బరిపాలు కలిపిన బియ్యప్పిండి అట్టు, లోపల రొయ్యలు, మొలకలు. మినప్పప్పు ఉండదు, పిండి పులియదు, కాబట్టి రుచిలో దోసె పోలిక లేదు. విరిచి, ఆవాకులో చుట్టి, ముంచుకుని తినాలి.

కాఫీ ప్రియులు మాత్రం సైగాన్‌లో స్థిరపడిపోతారు. 1857లో క్రైస్తవ మిషనరీలు తెచ్చిన కాఫీ మొక్క ఇవాళ మధ్య పీఠభూమి అంతా పరచుకుంది. ఉత్పత్తిలో బ్రెజిల్ తర్వాత స్థానం వియత్నాందే, రొబస్టా రకంలో మొదటి స్థానం. చిన్న రేకు ఫిల్టర్ నుంచి చుక్కచుక్కగా దిగే డికాక్షన్‌లో డబ్బాపాలు, ఐసు కలుపుతారు. తాజా పాలు దొరకని కాలంలో మొదలైన డబ్బాపాలను ఇప్పుడు ఎవరూ వదులుకోరు.

ఈ ఊళ్లన్నింటినీ కలిపే దారం చేపరసం, నుయోక్ మామ్. నెత్తళ్లు మూడు పాళ్లు, ఉప్పు ఒక పాలు చొప్పున పెద్ద కొయ్య తొట్లలో నింపి ఏడాది, అంతకు పైగా ఊరబెడతారు. అడుగున దిగే గోధుమరంగు నీరే అది. ఫాన్ థియెత్, ఫూ క్వోక్ దీవి దీనికి పేరుపొందాయి. ఫూ క్వోక్ రకానికి 2012లో ఐరోపా సమాఖ్య భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. శాకాహారులకు అసలు చిక్కు దీనితోనే. కూరగాయల వేపుడులో మాంసం లేదని చెప్పినా చేపరసం పడి ఉండవచ్చు, రసం ఎముకలదై ఉండవచ్చు. కాబట్టి ‘ఆన్ చాయ్’ అని అడగాలి. చాయ్ అన్న బోర్డు అక్కడ శాకాహార హోటల్‌కు గుర్తు, టీకి కాదు. చాంద్రమానం ప్రకారం నెల మొదటి రోజున, పదిహేనో రోజున చాలామంది బౌద్ధులు మాంసం ముట్టరు. ఆ రోజుల్లో మామూలు దుకాణాలు కూడా శాకాహారం వండుతాయి. గొడ్డుమాంసం తిననివాళ్లు ‘బో’ అన్న మాట ఉన్న వంటకాలు వదిలి ‘గా’, అంటే కోడి, అడగాలి.

2023 ఆగస్టు నుంచి అన్ని దేశాలవాళ్లకూ 90 రోజుల ఈ-వీసా ఇస్తున్నారు. మూడు ప్రాంతాల వాతావరణం వేరు కాబట్టి ఒకే నెల అన్నిచోట్లా అనుకూలించదు. అక్టోబర్, నవంబర్‌లలో హనోయ్ హాయిగా ఉంటే, అవే నెలల్లో హుయే, హోయ్ ఆన్ వీధుల్లోకి వరద వస్తుంది. దక్షిణాన పొడి కాలం డిసెంబర్ నుంచి ఏప్రిల్ వరకు. మూడూ ఒకే యాత్రలో చూడాలంటే మార్చి మంచిది. జనవరి చివర లేదా ఫిబ్రవరిలో వచ్చే టెట్ పండుగ వారంలో మాత్రం తిండి కోసం వెళ్లకూడదు. అప్పుడు వంటవాళ్లందరూ సొంతూళ్లకు పోతారు, కాలిబాట దుకాణాలు చాలావరకు మూతపడి ఉంటాయి.